రాయిలో బోల్టు: పగలకుండా తొలవడం, ఊడకుండా దించడం

బండ చీల్చేవాళ్ల పనిని ఒకసారి దగ్గర నుంచి గమనించండి. ముందు రాయి మీద గీత గీస్తారు. ఆ గీత వెంబడి బెత్తెడు ఎడంతో చిన్న చిన్న గుంటలు కొడతారు. ఒక్కో గుంటలో ఒక ఇనుప మేకు నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కోదాని మీదా ఒక్కో సమ్మెట దెబ్బ వేసుకుంటూ పోతారు. మొదటి విడతలో ఏమీ కాదు. రెండు మూడు విడతలయ్యాక మేకు మోత మారుతుంది. ఆ తర్వాత టన్నుల బరువున్న బండ గీసిన గీత మీదే రెండుగా విడిపోతుంది.

ఇప్పుడు రాతి స్తంభానికి గేటు బిగించే పని చూడండి. స్తంభం మీద నిలువు గీత, ఆ గీత మీద నాలుగు కన్నాలు, ఒక్కోదాంట్లో ఒక యాంకర్ బోల్టు, పానాతో బిగింపు. బోల్టు బిగిసేకొద్దీ దాని చివరనున్న శంకువు పైకి వచ్చి తొడుగును విప్పుతుంది. విప్పారిన తొడుగు కన్నం గోడల్ని బయటికి నెడుతుంది. రాయికి ఈ రెండు పనుల మధ్య తేడా తెలియదు. సమ్మెట దెబ్బ అయినా పానా బిగింపు అయినా దాని లోపల పడేది రెండు పక్కలకూ విడదీసే ఒత్తిడే. గ్రానైట్ నొక్కితే ఎంతో తట్టుకుంటుంది, లాగి విడదీస్తే మాత్రం అందులో పదో వంతు కూడా తట్టుకోదు.

రాతి పనిలో వచ్చే పగుళ్లలో చాలా భాగం ఈ ఒక్క విషయం పట్టించుకోకపోవడం వల్లే వస్తాయి. కాంక్రీటులో అలవాటైన పద్ధతిని తెచ్చి రాయి మీద పెడతారు. కాంక్రీటు కాస్త నలిగి సర్దుకుంటుంది, లోపల ఇనుము ఉంటుంది. రాయిలో ఇనుము లేదు, సర్దుకునే గుణమూ లేదు. అందుకే రాయిలో వీలైనంతవరకు మేకులా పక్కలకు నెడుతూ విప్పారే బోల్టు మానేసి, జిగురుతో అతుక్కునే కడ్డీ వాడాలి. ఎక్కడ విప్పారే బోల్టు చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో కింద వివరంగా ఉంది.

ముందు రాయి ఏదో తెలియాలి

మన ఇళ్లలో కనిపించే రాళ్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి గ్రానైట్. కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ దగ్గర నుంచి పొలం గట్ల మీద పాతే కడీల దాకా ఈ కోవలోకే వస్తాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని కూడా బజార్లో గ్రానైట్ అనే అంటారు, అసలు జాతి గాబ్రో అయినా. రెండోది సున్నపురాయి. తాండూరు బండ, కర్ణాటక నుంచి వచ్చే షాబాద్ బండ, నల్ల కడప బండ, బేతంచెర్ల రాయి అన్నీ ఇవే. రాజస్థాన్ మార్బుల్ కూడా సున్నపురాయి మార్పు చెంది పుట్టిందే.

కాఠిన్యం కొలిచే పది మెట్ల లెక్కలో గ్రానైట్‌లోని క్వార్ట్‌జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6. సున్నపురాయిలోని కాల్సైట్ 3 మాత్రమే. అందుకే తాండూరు బండను మామూలు కార్బైడ్ బిట్ నిమిషంలో తొలుస్తుంది, అదే బిట్ గ్రానైట్ మీద పొగలు కక్కి మొండిదైపోతుంది. ఏ రాయో అనుమానంగా ఉంటే కనపడని మూలన ఒక చుక్క బాత్‌రూమ్ యాసిడ్ వేయండి. నురగ పొంగితే సున్నపురాయి, ఊరుకుంటే గ్రానైట్ జాతి. చూసిన వెంటనే నీళ్లతో కడిగేయండి, లేకపోతే సున్నపురాయి మీద మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.

మెత్తన కదా అని తాండూరు బండను తేలిగ్గా తీసుకోకూడదు. అది పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. హ్యామర్ డ్రిల్లు దెబ్బకు పొర లేచిపోతుంది, కన్నం చుట్టూ పావలా కాసంత పెచ్చు ఊడుతుంది. బండ పక్క అంచులో, అంటే మందం వైపు నుంచి ప్లగ్గు దించి స్క్రూ బిగిస్తే పొరలు పుస్తకంలా తెరుచుకుంటాయి. పొరల మధ్యలోకి ఏ ఫాస్టెనరూ దించకండి. తప్పనిసరైతే జిగురు ఒక్కటే దారి.

గ్రానైట్‌కూ ఒక వాలు ఉంటుంది. రాయి ఒక దిక్కున తేలిగ్గా చీలుతుంది, అడ్డదిక్కున మొరాయిస్తుంది. రాళ్లు కొట్టేవాళ్లు చేత్తో తడిమి, రవ్వ చూసి ఆ దిక్కు చెప్పేస్తారు. పొడవాటి కడీని క్వారీలో ఆ తేలిక దిక్కు చూసుకునే చీలుస్తారు. కాబట్టి నిలబెట్టిన కడీలో నిలువునా పోయే గీత రాయి ఎటు చీలడానికి ఇష్టపడుతుందో అదే గీత అయ్యే అవకాశం ఎక్కువ. గేటు బందుల కన్నాలు వచ్చేదీ సరిగ్గా ఆ గీత మీదే.

పాత రాతి గోడల్లో, పెద్ద పెద్ద గుండ్లు పేర్చి సున్నంతోనో మట్టితోనో కట్టినవాటిలో, కన్నం రాయి నడుమ పడాలి. సందులో పడకూడదు. సందులోని సున్నం ప్లగ్గును పట్టుకోదు. సుత్తి పిడితో తట్టి వినండి. ఖణీమంటే రాయి గట్టిగా కూర్చుని ఉంది, డొల్లగా మోగితే వెనక ఖాళీ ఉంది, లేదా రాయి వదులైంది. అలాంటి రాయికి బరువు వేలాడదీయకండి.

కన్నం

మందం 10 సెం.మీ. దాటిన రాయి, అంచు దూరంగా ఉంది అంటే ఎస్‌డీఎస్ ప్లస్ రోటరీ హ్యామర్ వాడొచ్చు. మేస్త్రీలు హిల్టీ మెషిన్ అని పిలిచే తరహా. మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు గ్రానైట్ మీద మోత చేస్తుంది, ముందుకు పోదు. బిట్ చివర రెండు పళ్లు ఉన్నదాని కంటే నాలుగు పళ్లున్నది తీసుకోండి. నాలుగు పళ్ల బిట్ గుండ్రటి కన్నం ఇస్తుంది, రెండు పళ్లది అరిగితే కన్నం మూడు మూలలుగా తయారవుతుంది.

పలుచటి పలక అయితే, అంటే 16 నుంచి 20 మి.మీ. ఉండే వంటింటి గట్టు, మెట్ల పలక, గోడకు అతికించిన రాయి అయితే, హ్యామర్ స్విచ్ ముట్టుకోకండి. డైమండ్ బిట్, నీళ్లు, ఓపిక ఉంటే చాలు. మందపు రాయి అయినా అంచుకు బెత్తెడు లోపల తొలవాల్సి వస్తే ఇదే పద్ధతి.

డైమండ్ బిట్‌తో మొదలుపెట్టడమే కష్టం. నున్నటి పాలిష్ మీద బిట్ జారి గట్టంతా గీతలు పెడుతుంది. రెండు దారులున్నాయి. బిట్‌ను 45 డిగ్రీలు వాల్చి నెమ్మదిగా తాకిస్తే నెలవంక ఆకారంలో గాడి పడుతుంది. ఆ గాడిలో బిట్‌ను నిలబెట్టుకుంటూ మెల్లగా నిటారు చేయాలి. లేదా ఒక ప్లైవుడ్ ముక్కకు ముందే అదే సైజు కన్నం వేసి, ఆ ముక్కను రాయి మీద క్లాంపుతో బిగించి, దాని గుండా తొలవాలి. కొత్తవాళ్లకు రెండోదే మంచిది.

కన్నం చుట్టూ చపాతీ పిండి ముద్దతో గట్టు కట్టి లోపల నీళ్లు పోయండి. నీళ్లు తెల్లగా పాలలా మారుతుంటే బిట్ కోస్తోందని అర్థం. నీళ్లు తేటగానే ఉండి బిట్ కీచుమంటుంటే అది రాయిని రుద్దుతోంది, కోయడం లేదు. డైమండ్ రవ్వల చుట్టూ ఉన్న లోహం పైకి పూసుకుపోయిందన్నమాట. ఒక సిమెంటు ఇటుకలో పది సెకన్లు తొలిస్తే రవ్వలు మళ్లీ బయటపడతాయి. చేత్తో బలంగా నొక్కడం దీనికి మందు కాదు. నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే రవ్వలు రాలిపోతాయి. కుళాయి మిక్సర్ కోసం వేసే 35 మి.మీ. కన్నానికి నిమిషానికి 600 నుంచి 900 చుట్ల వేగం చాలు. 6, 8 మి.మీ. సన్న బిట్‌లకు అంతకంటే వేగం కావాలి. ప్రతి ఐదారు సెకన్లకు బిట్‌ను కొంచెం పైకెత్తి నీళ్లు లోపలికి పోనివ్వండి.

కిందివైపు బయటపడే ఆఖరి రెండు మి.మీ. దగ్గర చేతి ఒత్తిడి పూర్తిగా తగ్గించాలి. అక్కడ నొక్కితే అడుగున పెద్ద పెచ్చు లేస్తుంది. అడుగున చెక్క ముక్క ఆనించి క్లాంపు వేస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

నీళ్లూ కరెంటూ ఒకే చోట ఉన్నాయని మరవకండి. బ్యాటరీ డ్రిల్లు ఉంటే అదే వాడండి. వైరున్న మెషిన్ అయితే లీకేజీ పట్టుకుని సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న లైను మీద నుంచే కరెంటు తీసుకోండి. బిట్ మెషిన్ కంటే కిందే ఉండాలి. తలపైన నీళ్లతో తొలిచే పని ఇంట్లో చేతి మెషిన్‌తో చేసేది కాదు.

దుమ్ము గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. గ్రానైట్ పొడిలో క్వార్ట్‌జ్ ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆ సన్నటి సిలికా మళ్లీ బయటికి రాదు, సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. క్వార్ట్‌జ్ పొడిని రెసిన్‌తో కలిపి చేసే కృత్రిమ గట్ల రాయిని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. ఆ రాయి కోసే కుర్రవాళ్లకు వచ్చిన ఈ జబ్బే కారణం. తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, నీళ్లు. పని మీరు చేయకుండా కూలీ చేత చేయిస్తున్నా ఆ మాస్కు కొనివ్వడం మీ బాధ్యతే.

హ్యామర్‌తో వేసిన కన్నమైతే లోతు బోల్టు కంటే 10 మి.మీ. ఎక్కువ ఉండాలి, అడుగున పొడి నిలవడానికి. బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. గ్రానైట్‌లో బిట్ త్వరగా అరుగుతుంది, అరిగిన బిట్ వేసే కన్నం అర మి.మీ. సన్నబడుతుంది. అందులోకి బోల్టు దిగదు, సుత్తితో కొట్టి దించుతారు, అప్పుడే రాయికి కనపడని చీలిక పడుతుంది. ఆ చీలిక పై వర్షాకాలానికి బయటపడుతుంది. బోల్టు చేత్తోనో చిన్న తట్టుతోనో దిగకపోతే ఆపి బిట్ మార్చండి.

పట్టుకునే సామాను

చిన్న బరువులకు, అద్దం, తువ్వాలు కడ్డీ, స్విచ్ బాక్సు లాంటివాటికి, నైలాన్ రావల్ ప్లగ్గు చాలు. హైదరాబాద్ వైపు గిట్టీ అంటారు. గట్టి రాయిలో కన్నం కచ్చితంగా ప్లగ్గు సైజే ఉండాలి. 8 మి.మీ. ప్లగ్గుకు 8 మి.మీ. కన్నం. స్క్రూ ముందుకు పోనంటే బలవంతం చేయకుండా ఒక సైజు సన్నది తీసుకోండి. చెక్క ముక్క చెక్కి దిగగొట్టే పాత అలవాటు రాయిలో ప్రమాదం. చెక్క వానకు ఉబ్బుతుంది. పాతకాలంలో ఎండు చెక్క మేకులు దించి నీళ్లు పోసి బండలు చీల్చింది ఆ ఉబ్బుతోనే.

విప్పారే యాంకర్ బోల్టు, బుల్లెట్ ఫాస్టెనర్ మందపు రాయిలో, అంచుకు దూరంగా, విడివిడిగా ఉన్నప్పుడు చెల్లుతాయి. కాంక్రీటులో బోల్టు ఊడితే తనతోపాటు శంకువు ఆకారపు ముద్దను లాక్కొస్తుంది. ఆ ముద్ద అడ్డంగా లోతుకు ఒకటిన్నర రెట్లు పరుచుకుంటుంది. కాబట్టి లోతు 60 మి.మీ. అయితే అంచు కనీసం 90, రెండు బోల్టుల మధ్య 180 మి.మీ. ఉండాలి. రాయిలో దీనికి రెట్టింపు ఎడం ఇస్తేనే నిశ్చింత. అంత చోటు దొరకదంటే విప్పారే బోల్టు వద్దు.

మిగతా అన్నిటికీ కెమికల్ యాంకర్. ఒక గొట్టంలో రెండు భాగాలుగా ఉండే జిగురు, ముక్కులోని మెలికల్లో కలుస్తూ బయటికొస్తుంది. కన్నంలో నింపి మరలున్న కడ్డీ దించితే గట్టిపడి రాయినీ కడ్డీనీ ఒకటి చేస్తుంది. ఇందులో పక్కకు నెట్టే ఒత్తిడి లేదు, అందుకే అంచు దగ్గర కూడా రాయి బతుకుతుంది. కొలతలు ఇవీ (ఎం పక్కన అంకె కడ్డీ మందం, మి.మీ.లో): ఎం8 కడ్డీకి 10 మి.మీ. కన్నం, ఎం10కి 12, ఎం12కి 14, ఎం16కి 18. లోతు కడ్డీ మందానికి ఎనిమిది నుంచి పది రెట్లు.

ఎంత జిగురు పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. 12 మి.మీ. కన్నం, 90 మి.మీ. లోతు అయితే లోపలి చోటు 10 మి.లీ. చిల్లర. మూడింట రెండు వంతులు నింపాలి, అంటే దాదాపు 7 మి.లీ. 300 మి.లీ. గొట్టంతో, మొదట పారబోసేది, ముక్కులో మిగిలిపోయేది తీసేస్తే, ముప్పై కన్నాలు పూర్తవుతాయి. మొదటి రెండు మూడు నొక్కుల్లో వచ్చేదాన్ని తప్పకుండా పారబోయండి. రెండు రంగులూ కలిసి ఒకే రంగు వచ్చేదాకా అది జిగురు కాదు. గొట్టం మీద గడువు తేదీ చూసి కొనండి. దాటినది తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దు.

కెమికల్ యాంకర్ ఊడిందంటే చాలాసార్లు కన్నం శుభ్రం చేయకపోవడమే కారణం. జిగురు రాయికి కాక దుమ్ముకు అతుక్కుంటుంది. గాలి కొట్టాలి, తీగ బ్రష్‌తో రుద్దాలి, మళ్లీ గాలి కొట్టాలి. ఒక్కోటీ రెండేసి సార్లు, ఆ తర్వాత ఇంకోసారి మొత్తం. నోటితో ఊదడం పనికిరాదు. తేమ లోపలికి పోతుంది, దుమ్ము కంట్లో పడుతుంది. చేతి పంపు దొరుకుతుంది, లేకపోతే సైకిల్ పంపుకు సన్న గొట్టం తొడిగి అడుగు దాకా పెట్టండి.

డైమండ్ బిట్‌తో వేసిన కన్నానికి ఇంకో చిక్కుంది. గోడలు అద్దంలా నున్నగా ఉంటాయి, వాటి మీద రాతి బురద పూతలా ఎండిపోతుంది. అది ఎండకముందే నీళ్లతో కడిగి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ కడిగి, ఆరనివ్వాలి. తర్వాత అరిగిన కార్బైడ్ బిట్‌ను హ్యామర్ లేకుండా రెండుసార్లు లోపల తిప్పితే గోడలు కాస్త గరుకవుతాయి. అన్ని జిగుళ్లూ డైమండ్ కన్నంలో పనిచేయవు. గొట్టంతో వచ్చే కాగితంలో ఆ మాట ఉందేమో చూసుకోండి.

కడ్డీని తిప్పుతూ దించాలి. తిప్పితేనే జిగురు మరల్లోకి ఎక్కుతుంది, గాలి బుడగలు బయటికి వస్తాయి. కన్నం అంచున కొంచెం జిగురు పొంగాలి. పొంగకపోతే లోపల ఖాళీ ఉంది, కడ్డీ తీసి మళ్లీ నింపండి. కడ్డీకి అంటిన నూనెను ముందే థిన్నర్‌తో తుడవండి. మార్బుల్, లేత రంగు రాయి అయితే చుట్టూ టేపు అంటించాకే మొదలుపెట్టండి, జిగురు నూనె రాయిలోకి ఇంకి మరక పడితే పోదు.

మన ఎండలతో ఒక ఇబ్బంది ఉంది. గొట్టం మీది పట్టికలో జిగురు బిగుసుకునే సమయం గాలి వేడికి కాదు, రాయి వేడికి రాసినది. మే నెల మధ్యాహ్నం నల్ల గ్రానైట్ మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడిలో పాలియెస్టర్ జిగురు కడ్డీ సగం దిగేలోపే గడ్డకడుతుంది. ఆరుబయట పని అయితే తెల్లవారి చేయండి, రాయి మీద తడి గోనె కప్పి చల్లబరచండి, కన్నంలోకి మాత్రం నీళ్లు పోనివ్వకండి. గట్టిపడేదాకా కడ్డీని ముట్టుకోకూడదు. నిటారుగా ఉందో లేదో చూద్దామని పావుగంటకు ఒకసారి కదిపితే పట్టు అక్కడే పోతుంది.

గేటు లెక్క

60 కిలోల గేటు రెక్క, 1.2 మీటర్ల వెడల్పు, రెండు బందుల మధ్య ఎడం 1 మీటరు అనుకుందాం. గేటు బరువు దాని నడుమ, అంటే స్తంభానికి 0.6 మీటర్ల దూరంలో పనిచేస్తుంది. 60ని 0.6తో గుణిస్తే 36, దాన్ని బందుల ఎడం 1 మీటరుతో భాగించినా 36. అంటే పై బందును స్తంభం నుంచి 36 కిలోల బలం ఎప్పుడూ లాగుతూ ఉంటుంది. 40 కిలోల పిల్లవాడు గేటు చివర ఎక్కి ఊగితే ఇంకో 48 చేరుతుంది, మొత్తం 84. ఊపు వల్ల వచ్చే కుదుపు దీనికి అదనం. కింది బందు మీద ఇదే బలం లోపలికి నొక్కుతుంది, అది రాయికి లెక్క కాదు. కాబట్టి జాగ్రత్తంతా పై బందు మీద పెట్టండి. రెండు బందులూ ఎంత దూరంగా ఉంటే పై లాగుడు అంత తగ్గుతుంది. ఎడం అర మీటరైతే అదే 84 కిలోలు 168 అవుతాయి.

20 సెం.మీ. చదరపు స్తంభమైతే నడిమధ్యన, బందుకు రెండు ఎం12 కడ్డీలు, 14 మి.మీ. కన్నం, 110 మి.మీ. లోతు, కెమికల్ యాంకర్. వెనక 9 సెం.మీ. రాయి మిగులుతుంది. వీలుంటే రెండు కన్నాలూ ఒకే నిలువు గీత మీద పడకుండా బందు పలకను అటూ ఇటూ కన్నాలు వచ్చేలా చేయించండి. కన్నాలు హ్యామర్‌తో వేయొచ్చు, కానీ మొదటి 20 మి.మీ. హ్యామర్ ఆపి తొలిస్తే నోటి దగ్గర పెచ్చు లేవదు.

స్తంభం 15 సెం.మీ. లోపు ఉంటే, ముఖ్యంగా పొలం కడీ అయితే, తొలవనే వద్దు. రాయి చుట్టూ ఇనుప పట్టీ వేసి, రెండు కొసలూ బోల్టుతో కలిపి, బందును ఆ పట్టీకి వెల్డింగు చేయించండి. పట్టీకీ రాయికీ మధ్య రబ్బరు ముక్క పెడితే జారదు. చూడ్డానికి మోటుగా ఉన్నా కడీ చీలదు. అందం కోసం తొలిచి కడీ చీలితే మళ్లీ గుంట తవ్వి కొత్త రాయి పాతాల్సిందే.

మెట్ల రెయిలింగ్ లెక్క ఇంకా ముఖ్యం

మీటరు ఎత్తు పోస్టు పైకొసను ఒక మనిషి 75 కిలోల బలంతో నెట్టాడనుకోండి. అడుగు పలక 10 సెం.మీ. చదరం. నెట్టుడుకు పలక ఒక అంచు మీద ఆని, అవతలి బోల్టుల్ని పైకి లాగుతుంది. ఆ బోల్టులకూ ఆనిన అంచుకూ మధ్య 8 సెం.మీ. ఉంటుంది. 75ని 0.08తో భాగిస్తే దాదాపు 940 కిలోలు. రెండు బోల్టులు పంచుకుంటే ఒక్కోదాని మీద 470. దీన్ని 18 మి.మీ. గ్రానైట్ పలక పట్టుకోలేదు.

పలక కేవలం చర్మం. దాని కింద నాలుగు సెం.మీ. సిమెంటు మాలు, చాలాచోట్ల డొల్లగా. ఆ కిందే అసలు స్లాబు. బోల్టు పట్టు స్లాబులో ఉండాలి. ముందు గ్రానైట్‌ను 16 మి.మీ. డైమండ్ బిట్‌తో నీళ్లు పోస్తూ దాటండి. ఆ కన్నంలోంచి 12 మి.మీ. హ్యామర్ బిట్ దించి మాలును, స్లాబును తొలవండి. పైన కన్నం పెద్దది కనుక హ్యామర్ బిట్ గ్రానైట్‌ను తాకదు, దెబ్బ పడదు. గ్రానైట్ 18, మాలు 40, స్లాబులో 80, మొత్తం 138 మి.మీ. పైన పలకకూ నట్టుకూ కలిపి 160 మి.మీ. ఎం10 కడ్డీ. ఇళ్ల స్లాబులు చాలావరకు 125 మి.మీ. ఉంటాయి కనుక 80 కంటే లోతుకు పోతే అడుగున పెచ్చు ఊడే ప్రమాదం ఉంది. జిగురు స్లాబులోనే కాక మాలు దాటి గ్రానైట్ నోటి దాకా నింపితే డొల్ల కూడా నిండుతుంది, వాన నీరు లోపలికి దిగదు. బాల్కనీ అయితే ఈ కన్నాలు వాటర్‌ప్రూఫింగ్ పొరను చీల్చుకునే పోతాయి, కాబట్టి ఈ నింపుడు తప్పనిసరి. స్లాబులో కరెంటు పైపులు ఎటు పోయాయో తొలవకముందే తెలుసుకోండి. బిట్ ఇనుప కడ్డీకి తగిలి ఆగితే కోసుకుంటూ పోకుండా కన్నాన్ని రెండంగుళాలు జరపండి.

నట్టు బిగింపులో సగం పనులు పాడవుతాయి. డొల్ల మీదున్న పలకను నట్టు కిందికి వంచుతుంది, పలక అడ్డంగా చిట్లుతుంది. వెడల్పు వాషరు వేసి, పొట్టి పానాతో మణికట్టు బలానికే బిగించండి. పైపు ముక్క తొడిగి పానా పొడవు పెంచకండి.

వంటింటి గట్టు విషయం క్లుప్తంగా: సింక్ కోతకూ కుళాయి కన్నానికీ మధ్య కనీసం 5 సెం.మీ. రాయి ఉండాలి. సింక్ ముందు పట్టీలో, కోత మూలల దగ్గర ఏ కన్నమూ వద్దు. కింద నుంచి సింక్‌ను పట్టే క్లిప్పుల కోసం 18 మి.మీ. పలకలోకి ప్లగ్గులు దించే పని మానుకుని, గోడకో ఫ్రేముకో ఆసరా ఇచ్చి, రాయికి ఎపాక్సీతో అతికించండి.

తుప్పు

తుప్పు పట్టిన ఇనుము తన మొదటి సైజుకు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. రాయి లోపల అది నిదానంగా దిగే మేకే. ఏథెన్స్‌లోని పురాతన గ్రీకు ఆలయం పార్థినాన్ దీనికి పెద్ద సాక్ష్యం. కట్టినవాళ్లు పాలరాతి దిమ్మెల్ని ఇనుప పట్టీలతో కలిపి, పట్టీల చుట్టూ సీసం పోశారు. సీసం నీటిని ఆపింది. 1898 తర్వాత ఇంజినీరు నికోలావోస్ బలానోస్ చేసిన మరమ్మతుల్లో సీసం లేకుండా ఇనుము పెట్టారు. కొన్ని దశాబ్దాల్లోనే ఆ ఇనుము ఉబ్బి పాలరాతిని పగలగొట్టింది. ఇప్పటి పునరుద్ధరణలో ఆ పట్టీలు తీసి టైటానియం పెడుతున్నారు. మన పాత ఇళ్ల కిటికీ ఊచలకు, గేటు మేకులకు సీసం పోసి బిగించిన పద్ధతి కూడా ఇదే తెలివి. కానీ ఇప్పుడు ఇంట్లో సీసం కరిగించకండి. పొగ విషం, కన్నంలో చుక్క తడి ఉన్నా కరిగిన సీసం చిమ్మి ముఖం మీద పడుతుంది.

టైటానియం మనకక్కర్లేదు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు (ఎస్‌ఎస్ 304) చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో 316 తీసుకోండి. బజార్లో రెయిలింగ్ పేరుతో అమ్మేదాంట్లో 202 ఎక్కువ. అయస్కాంతం అంటకపోతే 304 అనుకోవద్దు, 202కీ అంటదు. చుక్క వేసి చూసే పరీక్ష ద్రావకం స్టీలు దుకాణాల దగ్గర ఉంటుంది, మీ ఎదుటే వేయమనండి. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కరిచి ఇరుక్కుపోతాయి. జిగురు పట్టాక పైకి తేలిన మరల మీద కొంచెం గ్రీజు రాసి బిగించండి. చలి దేశాల్లో ఉన్న మనవాళ్లు ఆరుబయటి రాయిలో తెరిచిన కన్నం వదలకూడదు. అందులో నిలిచిన నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది.

తప్పు చోట పడిన కన్నాన్ని పూడ్చడానికి అదే రాయి పొడిని, తొలిచేటప్పుడు వచ్చిన బురదను ఎండబెట్టి, ఎపాక్సీలో ముద్దలా కలపండి. కన్నం నోటి కంటే కాస్త ఎత్తుగా నింపి, ఒక రోజు ఆగాక పదునైన బ్లేడుతో సమంగా కోయండి. కొత్త కన్నం దానికి కనీసం ఐదు కన్నాల వెడల్పు దూరంలో వేయండి. పూడ్చిన కన్నాన్ని ఆనుకుని ఇంకోటి వేస్తే రెండూ కలిసిపోతాయి.

గట్టిపడే గడువు అయ్యాక, గేటు తగిలించకముందు, పై బందుకు తాడు కట్టి ఇద్దరు మనుషులు స్తంభం నుంచి బయటికి, గేటు లాగే దిక్కులోనే, బలంగా లాగి చూడండి. కడ్డీ మొదట్లో జిగురు చుట్టూ వెంట్రుకంత గీత కనబడినా ఆ కడ్డీని నమ్మకండి. ఊడదీసి, కన్నం కడిగి, మళ్లీ నింపండి.